మలకాల్‌లో ఒక రోజు ఎట్లా గడపాలి: ఐరాస డ్యూటీకి పోయే మన పిల్లోళ్లకు

పోయిన నెల జమ్మలమడుగు బస్టాండులో మా పక్క ఊరి పిల్లోడు ఒకడు కలిశాడు. "అన్నా, నా పేరు సూడాన్ లిస్టులో వచ్చింది. ఆడ పొద్దన్నుంచి రాత్రి దాకా ఏం పని ఉంటాది? ఏమేం తీసుకుపోవాల?" అని అడిగాడు. వాడి బస్సు పది నిమిషాల్లో కదిలింది, నేను సగం కూడా చెప్పలేకపోయాను. ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను, వాడికీ, వాడిలాగే కడప, కర్నూలు, అనంతపురం పల్లెల నుంచి ఫౌజుకు పోయి ఇప్పుడు ఐక్యరాజ్యసమితి నీలం టోపీ పెట్టుకోబోతున్న తమ్ముళ్లందరికీ.

నేను 2022 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం మలకాల్‌లో ఉన్నాను. దక్షిణ సూడాన్‌లో తెల్ల నైలు ఒడ్డున ఉండే ఊరు అది. ఆ దేశానికి 2011 జూలై 9న స్వాతంత్ర్యం వచ్చింది, ఐరాస శాంతి రక్షణ మిషన్ కూడా ఆ నెలలోనే మొదలైంది, మన బెటాలియన్లు ఒకదాని తర్వాత ఒకటి అక్కడికి పోతూనే ఉన్నాయి. లెబనాన్, గోలాన్, కాంగో పోయినవాళ్ల సంగతి వేరే, నేను చూసింది ఇదొక్కటే కాబట్టి దీని గురించే చెప్తాను.

అక్కడ రోజంతా పనే. కానీ ఆ పని నిన్ను పెద్దగా ఇబ్బంది పెట్టదు తమ్ముడూ, ట్రైనింగులో అంతకంటే ఎక్కువ కష్టం చూసే ఉంటావు. కష్టమంతా ఇంట్లోవాళ్లది. నువ్వు పనిలో పడి టైమే చూసుకోవు, అదే టైములో అమ్మ ఫోను చేతిలో పట్టుకుని అన్నం కూడా తినకుండా కూర్చుంటుంది. అందుకే నీ రోజును ఎట్లా నడుపుకోవాలో ఆలోచించేటప్పుడు ఇంటి గడియారం కూడా పక్కన పెట్టుకొని ఆలోచించు. నేను మొదటి రెండు నెలలు ఆ పని చేయలేదు.

ఆ గడియారం లెక్క ఇది. మలకాల్ టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. పాత సీనియర్లు రెండున్నర గంటలే అని చెప్తారు, వాళ్లు పోయినప్పుడు అది నిజమే, 2021 ఫిబ్రవరి 1న ఆ దేశం గడియారాన్ని ఒక గంట వెనక్కి జరుపుకుంది. దీన్ని ఇంట్లో గోడ మీద క్యాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. అక్కడ నీకు రాత్రి ఎనిమిదికి తీరిక దొరికితే ఇంట్లో పదకొండున్నర, పిల్లలు ఎప్పుడో నిద్రపోయి ఉంటారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు తిండి తిన్న వెంటనే ఫోన్ చేస్తే ఇంట్లో సాయంత్రం ఐదు, పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు, నాయన చేను నుంచి వచ్చే వేళ, ఇంటామె పొయ్యి ముట్టించక ముందు. నాకు ఈ టైము దొరికాకే అందరితో మాట్లాడినట్టు అయ్యింది. రాత్రి ఎనిమిది తర్వాత క్యాంపు వైఫై మీద అందరూ ఒకేసారి పడతారు, వీడియోలో అమ్మ ముఖం గళ్లు గళ్లుగా ఆగిపోతుంది, దాంతో ఇద్దరికీ బాధ. మధ్యాహ్నం అయితే ఆ గొడవ తక్కువ. అక్కడ జెయిన్, ఎమ్‌టీఎన్ సిమ్‌లు దొరుకుతాయి, యూనిట్‌లో అనుమతి ఉంటే ఒకటి తీసుకో.

పోయే ముందు చేయాల్సినవి

బట్టలు, బూట్ల లిస్టు యూనిట్ ఇస్తుంది, దాని గురించి టెన్షన్ వద్దు. లిస్టులో ఉండనివి చెప్తాను.

మొదటిది, బ్యాంకు ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో చూసుకో. అది నీతో పాటు ఆఫ్రికాకు వచ్చే సిమ్ అయితే ఇక్కడ ఉండగానే ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకో, లేదా నంబరునే ఇంట్లోవాళ్ల దగ్గర వదిలిపెట్టు. రెండోది, భూమి నీ పేరు మీద ఉంటే నువ్వు లేని ఆ సంవత్సరంలో ఏ కాగితానికి నీ వేలిముద్ర, సంతకం కావాలో ముందే లెక్క వేసుకో. పంట వివరాలు రాయించే ఈ-క్రాప్ నమోదు ఉంటుంది, పంట రుణం రెన్యువల్ ఉంటుంది. నా రుణానికి నా సంతకమే కావాలన్నారని డెబ్బై ఏళ్ల మా నాయన నాలుగు సార్లు బ్యాంకు చుట్టూ తిరిగాడు. ఒక్క పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టరు చేయించి పోయి ఉంటే ఆ తిరుగుడు తప్పేది. మూడోది, ఇంటామెనో అమ్మనో ఒకసారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకుపోయి చూపించు. అవసరం వచ్చినప్పుడు మొదటిసారి వెతుక్కుంటూ పోవడం వేరు, చూసిన చోటికి పోవడం వేరు.

నాలుగోది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. వాళ్లిచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టు పక్కనే పెట్టుకో, తిరిగి వచ్చేటప్పుడు అది లేకపోతే మన దేశంలోనే ఎయిర్‌పోర్టు నుంచి క్వారంటైన్‌కు పంపుతారు, ఆరు రోజుల దాకా.

తిండి విషయానికి వస్తే, ఊరగాయ సీసా వద్దు, అందరి బట్టలకూ నూనె పూస్తుంది. చెనిక్కాయల పొడి, కారంపొడి, నిప్పట్లు బాగా నిలుస్తాయి. లంగర్‌లో, అంటే మన ఫౌజు వంటశాలలో, పప్పు, రొట్టె, అన్నం దొరుకుతాయి, వంటవాళ్లు మనవాళ్లే, ఆకలి తీరుతుంది. కానీ మూడో నెలలో ఒక రాత్రి నోరంతా చప్పగా అనిపిస్తుంది చూడు, అప్పుడు అన్నంలో రెండు స్పూన్ల చెనిక్కాయల పొడి కలుపుకుంటే నువ్వు మా పెన్నా ఒడ్డున ఉన్నట్టే. నేను రెండు కేజీలు తీసుకుపోయాను, మా సెక్షన్‌లో తమిళ పిల్లోళ్లు, మరాఠీ పిల్లోళ్లు కలిసి నెలన్నరలో అవగొట్టారు. నాలుగు కేజీలు తీసుకుపో.

పొద్దున

నాలుగున్నరకు లేస్తావు. ఇంట్లో ఎనిమిది, పిల్లలు బడికి పోయే హడావుడిలో ఉంటారు, ఆ టైములో ఫోన్ చేయొద్దు, ఒక మెసేజ్ పెట్టు చాలు. కాళ్లు కింద పెట్టక ముందు లైటు వేసి నేల చూడు, బూట్లు తలకిందులు చేసి గట్టిగా దులుపు. మన చేలల్లో తేళ్లు చూసి పెరిగినవాళ్లమే, అక్కడా ఉంటాయి, పాములు కూడా. దులపడం ఒక్క రోజు మరిచిపోయినా ప్రమాదమే.

దాహం వేయక ముందే నీళ్లు తాగు. లేవగానే అర లీటరు, పీటీ తర్వాత అర లీటరు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటుతుంది, మనకు ఎండ అలవాటే కదా అనుకుంటాము, నేనూ అదే అనుకున్నాను. మన ఊర్లో ఎండలో పనిచేసేటప్పుడు నెత్తికి తువ్వాలు, ఒంటికి బనీను ఉంటాయి, చెట్టు నీడ కనిపిస్తే కూర్చుంటాము. అక్కడ పది కేజీల పైన బరువుండే జాకెట్, హెల్మెట్, రైఫిల్‌తో ఇనుప గాడీలో కూర్చోవాలి. రెండూ ఒకటి కావు. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు తక్కువయ్యాయని గుర్తు, సిగ్గుపడకుండా పక్కవాడిని కూడా అడుగు.

పీటీ, స్నానం, టిఫిన్ అయ్యాక కోత్ (ఆయుధాల గది) నుంచి ఆయుధం తీసుకుని ఫాల్ ఇన్, అంటే వరుసలో నిలబడటం. ఆ రోజు ఎవరు పెట్రోలింగు, ఎవరు గేటు, ఎవరు క్యాంపు పని అనేది అక్కడ తెలుస్తుంది. బ్రీఫింగ్‌లో ఆఫీసరు చెప్పేది చిన్న నోట్‌బుక్‌లో రాసుకో. కాల్పులు ఎప్పుడు జరపొచ్చు, ఎప్పుడు జరపకూడదు అనే నియమాల కార్డు జేబులో ఉంటుంది, దాన్ని నువ్వు రోజూ చదువు, కంఠస్థం వచ్చినా చదువు. మనం అక్కడ ఎవరి మీదా యుద్ధానికి పోలేదు. సామాన్య జనాన్ని కాపాడటానికి పోయాము, ఏ వేలు ఎప్పుడు ట్రిగ్గర్ మీదికి పోవాలో ఆ కార్డే చెప్తుంది.

పెట్రోలింగ్ ఉన్న రోజు

గాడీ ఎక్కే ముందు ఐదు నిమిషాలు నీ చేతులతో నువ్వే చూసుకో: నీళ్లు ఎన్ని ఉన్నాయి, రేడియో పలుకుతోందా, దాని స్పేర్ బ్యాటరీ ఎక్కడ ఉంది, జీపీఎస్ ఎవరి దగ్గర ఉంది, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఏ వైపు ఉంది, గాడీని లాగే తాడు ఉందా. డ్రైవరు చూసి ఉంటాడు, కమాండరు చూసి ఉంటాడు అనుకోవద్దు. క్యాంపులో పెట్రోలింగులను కనిపెట్టుకుని ఉండే ఆప్స్ రూముకు చెప్పిన టైము ప్రకారం రేడియోలో మాట్లాడుతూ ఉండాలి, ఒక్క పిలుపు తప్పినా అక్కడ అందరూ లేచి నిలబడతారు.

తాడు ఎందుకు చెప్పానంటే, అక్కడి నేల నల్లరేగడి. అచ్చం మన జమ్మలమడుగు చేలల్లో ఉండే నేలే. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వాన పడితే చెప్పులకు కేజీల కొద్దీ బంక. మే నుంచి అక్టోబరు దాకా వానలు, ఆ నెలల్లో చాలా దారులు పేరుకే దారులు, మనుషులూ సామాన్లూ హెలికాప్టర్లలోనో నైలు మీద పడవల్లోనో పోవాల్సిందే. నేను దిగింది ఆగస్టులో. రెండో వారంలోనే మా గాడీ కూరుకుపోయింది, ఉత్తరాది పిల్లోళ్లు ఆక్సిలేటరు తొక్కుతున్నారు, చక్రం ఇంకా లోపలికి పోతోంది. మా ఇంట్లో ఎద్దుల బండి దిగబడితే ఏం చేసేవాళ్లమో అదే చెప్పాను, ఆపేసి, చక్రం ముందర మట్టి తవ్వి, కంప కొట్టి వేసి, మెల్లగా లాగమని. గంటన్నరలో బయటపడ్డాము. నీకు తెలిసిన పల్లె పని ఏదీ చిన్నది అనుకోవద్దు, అక్కడ అది పనికి వస్తుంది.

జనంతో మాట్లాడేటప్పుడు కూడా అంతే. షిల్లుక్, న్యూయెర్, డింకా తెగల వాళ్లు ఉంటారు, పశువులే వాళ్ల ఆస్తి, పెళ్లికి ఇచ్చేది కూడా పశువులనే. మన బెటాలియన్‌తో పశువుల డాక్టర్లు కూడా ఉంటారు, వాళ్లు పెట్టే క్యాంపుకు జనం ఆవులను, మేకలను తోలుకొస్తారు. నాకు అక్కడ కాపలా డ్యూటీ పడితే ఎంతో సంతోషం. ఒక ముసలాయన తన ఆవు దవడ కింద చెయ్యి పెట్టి దానితో ఏదో చెప్పుకుంటూ నిలబడ్డాడు, గొర్రెల మందలో మా నాయన నిలబడే తీరు అదే. దుబాసీ ద్వారా ఆయనను ఆవు పేరు అడిగాను, అప్పటిదాకా నా రైఫిల్ వైపు చూసిన మనిషి నా ముఖం వైపు చూశాడు. ముందు పశువుల గురించి అడుగు, తర్వాత ఊరి సంగతులు వాళ్లే చెప్తారు. అక్కడ అరబ్బీ కూడా నడుస్తుంది, మీ ఇంట్లో కువైట్ పోయి వచ్చిన రాయచోటి చిన్నాయనలు ఎవరైనా ఉంటే సలాం, షుక్రాన్ లాంటి పది మాటలు నేర్చుకుని పో.

చేయకూడనివి గట్టిగా చెప్తాను. అనుమతి లేకుండా ఫోటోలు తీయొద్దు, వంతెనలు, ఎయిర్‌పోర్టు, సైనికులు అసలే వద్దు. పోతున్న గాడీ నుంచి పిల్లలకు బిస్కెట్లు విసరొద్దు, వాళ్లు చక్రాల కిందికి పరిగెత్తుకొస్తారు. అక్కడి ఆడవాళ్ల జోలికి పోవడం గురించి ఐరాస దగ్గర క్షమాపణ అనేదే లేదు, డబ్బో తిండో ఆశ చూపించినా అదే నేరం. ఆకలితో ఉన్న మనిషి మన యూనిఫాంను నమ్మి దగ్గరికి వస్తుంది, ఆ నమ్మకాన్ని పాడుచేసినవాడు నా దృష్టిలో సిపాయే కాదు.

హెల్మెట్, జాకెట్ ఉక్కపోస్తుందని తీయొద్దు. 2013 ఏప్రిల్ 9న జొంగ్లెయ్ రాష్ట్రంలో ఐరాస కాన్వాయ్‌కు కాపలాగా పోతున్న మన సైనికులు ఐదుగురు దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోజులు ప్రశాంతంగా గడుస్తున్న కొద్దీ మనం అజాగ్రత్త అవుతాము, అప్పుడు ఆ ఐదుగురిని తలుచుకో.

క్యాంపులో ఉన్న రోజు

దీని గురించి ఎవరూ చెప్పరు, కానీ సంవత్సరంలో ఎక్కువ రోజులు ఇవే. జనరేటరు, నీళ్ల ప్లాంటు, కాలువల పూడిక, ఇసుక బస్తాలు, గాడీల మెయింటెనెన్స్. మూడు నెలలకొకసారి ఐరాస వాళ్లు వచ్చి మన సామాన్లన్నీ తనిఖీ చేస్తారు, గాడీ నడుస్తోందా, టెంటు చిరిగిందా, వంటగది శుభ్రంగా ఉందా అని. పనిచేయని వస్తువుకు మన దేశానికి రావాల్సిన డబ్బు తగ్గుతుంది. ఆ వారం ముందు రాత్రింబవళ్లు పని పడుతుంది, అందుకే నీకు అప్పగించిన వస్తువును వారానికొకసారి నువ్వే చూసుకుంటూ ఉంటే చివర్లో పరుగులు ఉండవు.

సాయంత్రం వాలీబాల్ ఉంటుంది, ఆడు. ఆడడం రాకపోయినా గ్రౌండ్‌కు పో, టెంటులో ఒంటరిగా ఫోను చూస్తూ పడుకునే పిల్లోళ్లే ముందుగా దిగులు పడతారు. ఆరు గంటలకు పొద్దు గుంకుతుంది, దానికి ముందే ఫుల్ చేతుల చొక్కా, సాక్సులు వేసుకుని దోమల మందు పూసుకో. దోమతెర అంచులు పరుపు కిందికి నొక్కి పడుకో, చిల్లు కనిపిస్తే అదే రోజు సూదీ దారం తీసి కుట్టు. మలేరియా మాత్ర మాకు వారానికి ఒకటి ఇచ్చేవారు, కొందరికి రోజూ వేసుకునేది ఇస్తారు, నీకు డాక్టరు ఏది ఇస్తే అది మానకుండా వేసుకో. నేను ఆదివారం మందిర్ పరేడ్ (అందరం కలిసి చేసే పూజ) అయ్యాక వేసుకునేవాణ్ణి, ఆ మధ్యాహ్నం ఫోన్‌లో అమ్మ మొదట అడిగే మాట "అబ్బీ, మాత్ర ఏసుకున్నావా" అని.

రాత్రి సెంట్రీ (కాపలా) పడితే రెండు గంటలు నిలబడి, నాలుగు గంటలు పడుకుంటావు. ఆ నాలుగు గంటల్లో ఫోన్ ముట్టుకోవద్దు. పడుకో.

ఫోన్ రాని రోజులు

అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. దూరం పోయే పెట్రోలింగ్ పడితే మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఫోనే ఉండదు. ఎక్కడికి పోతున్నావు, ఎప్పుడు వస్తావు అనేది ఇంట్లో చెప్పకూడదు, నీ ప్రాణం కోసం, నీ పక్కవాడి ప్రాణం కోసం.

2023 ఏప్రిల్ 15న ఖార్టూంలో యుద్ధం మొదలైంది. అది సూడాన్, మేమున్నది దక్షిణ సూడాన్, రెండూ వేరే దేశాలు, ఖార్టూంకూ మలకాల్‌కూ మధ్య ఆరు వందల కిలోమీటర్లకు పైనే. సరిగ్గా ఆ వారంలో నేను పెట్రోలింగ్‌లో ఉన్నాను. ఇంట్లో టీవీ పెడితే సూడాన్, సూడాన్ అని మంటలు చూపిస్తున్నారు, నా ఫోన్ నాలుగు రోజులుగా మోగట్లేదు. మా అమ్మ రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఎవరో వాట్సాప్‌లో ఇండియా సైనికులు చిక్కుకున్నారని పంపితే నా భార్య పిల్లలను పక్కింట్లో వదిలి గదిలో తలుపేసుకుని ఏడ్చింది. నేను క్యాంపుకు తిరిగి వచ్చి ఫోన్ చేస్తే అమ్మ మాట్లాడలేదు, ఊపిరి శబ్దం మాత్రమే వినిపించింది. ఆ శబ్దం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో పద్ధతి పెట్టుకున్నాము, నువ్వు పోయే ముందే పెట్టుకో. మ్యాపు తీసి రెండు సూడాన్‌లు వేరు వేరని వేలు పెట్టి చూపించు, అమ్మకు, జేజికి కూడా. వారం దాకా ఫోన్ రాకపోతే అది మామూలే అని ముందే చెప్పు, "రేపు చేస్తా" అని మాత్రం ఎప్పుడూ మాట ఇవ్వొద్దు, వీలైనప్పుడు చేస్తానని చెప్పు. నిజంగా చెడు కబురు ఏదైనా ఉంటే అది యూనిట్ నుంచే వస్తుంది, టీవీలో కింద పోయే అక్షరాల్లో రాదు, ఈ మాట నోటితో చెప్పడానికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పు. యూనిట్ తరపున ఇక్కడే ఉండిపోయే రియర్ పార్టీ నంబరు భార్య ఫోన్‌లోనూ, కాగితం మీదా రెండు చోట్లా రాసిపెట్టు. ఊర్లో ఒక పెద్ద మనిషికి, మాకైతే మా మేనమామకు, విషయమంతా వివరించి పెట్టు, టెన్షన్ పడినప్పుడు ఇంట్లోవాళ్లు ముందు ఆయన దగ్గరికి పోతారు.

ఆ యుద్ధం తర్వాత పనిభారం ఇంకా పెరిగింది, సరిహద్దు దాటి రెంక్ అనే ఊరి మీదుగా జనం పడవల్లో మలకాల్‌కు దిగేవాళ్లు, చంకలో పిల్లలు, నెత్తిన పరుపులు. ఒక్కో రోజు మధ్యాహ్నం ఫోన్ టైము కూడా దొరికేది కాదు. అయినా ఇంట్లో మళ్లీ అంత భయపడలేదు.

తిరిగి వచ్చాక

మలేరియా మాత్ర అక్కడితో అయిపోదు. ఇంటికి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవాలి, మా వారం మాత్రకైతే నాలుగు వారాలు, చాలామంది ఊరు చేరగానే మానేస్తారు. వచ్చిన కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరం తగిలినా ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని పడుకోవద్దు, ప్రొద్దుటూరో కడపో పోయి, డాక్టరుతో మొట్టమొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పి రక్త పరీక్ష చేయించుకో. అక్కడి మలేరియా మెదడుకు ఎక్కే రకం, ఒక్క రోజు ఆలస్యం కూడా చేటే.

నేను వచ్చిన తర్వాత నాలుగు ఆదివారాలూ మాత్ర గుర్తుపెట్టుకునే పని నాకు పడలేదు. టిఫిన్ తిని చెయ్యి కడుక్కునే లోపల అమ్మ మాత్రా, చెంబుతో నీళ్లూ పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడేది, నేను మింగేదాకా కదిలేది కాదు.